చెప్పినన్ని రోజులే

జులై 4

హెడ్డునర్సు వదినగారి సమక్షానికి,

ఉత్తరం చూసి గుండె పట్టుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని అంటావు, నాకు తెలుసు. ఫోన్లో నేను అసలు సంగతికి వచ్చేసరికి నువ్వు "రౌండ్స్ టైమైంది, ఉంటా" అంటావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకని.

నీ కూతురి స్కూల్లో నేను ఆటల టీచరుగా చేరి నెల తిరిగిందో లేదో, ఆడపిల్లల వాలీబాల్ జట్టును తెచ్చి నా నెత్తిన పెట్టారు. పేరుకు పన్నెండు మంది. సాయంత్రం కోర్టులో చూస్తే నలుగురు. ఆ నలుగురిలో ఒకతి ఆడడానికి కాదు, బస్సు వచ్చేదాకా కూర్చోవడానికి వచ్చింది. మిగతావాళ్ళేరమ్మా అంటే ఒకతికి పాట క్లాసు, ఒకతికి లెక్కల ట్యూషను, పొడుగుపిల్లకేమో ఇంట్లో తమ్ముణ్ణి ఆడించే పని. అందరికంటే ఘనురాలు నీ కూతురు, మన పిచ్చుక. నాటకంలో దొంగల నాయకురాలి వేషమట, వారంలో మూడు సాయంత్రాలు రిహార్సలే! నెట్ దగ్గర బంతి లేపి ఇవ్వాల్సింది అదే కదా. అది లేకపోతే మిగతావాళ్ళు ఎగిరి గాలిని కొట్టాలి.

పెద్ద మేడమ్ పిలిచి చెప్పేసింది. "పిల్లలు సరిగ్గా రాకపోతే ఆగస్టు నెలాఖరు టోర్నమెంటుకు సంతకం పెట్టను. ఆ కోర్టులో సైకిళ్ళ స్టాండు వేయిస్తాను" అని. నవ్వుతూనే అంది. ఆవిడ నవ్వితేనే నాకు భయం.

అంతమంది నర్సుల్ని వేళకు ఎలా రప్పిస్తావు వదినా? ఏదో కిటుకు ఉండే ఉంటుంది, దాచుకోకుండా చెప్పు.

ఇంకో మాట. పదో తరగతికి ముందు స్కూలు మార్చకూడదని జనవరిలో పిల్లను నా దగ్గర వదిలి బదిలీ మీద వెళ్ళావు. అన్నయ్య నెలకోసారి వచ్చి పోతున్నాడు. నువ్వు మాత్రం వస్తా వస్తా అనడమే. ఈ నెలాఖరుకు వస్తానన్నావని పిచ్చుక అప్పుడే తన పక్కన నీకు పరుపు వేసేసింది. వేసి, దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క ఆడపడుచు


జులై 9

మా ఈలమ్మకు,

రోజంతా మెళ్ళో ఈల వేసుకుని తిరుగుతున్నావట, మీ అన్నయ్య చెప్పారు. ఇంట్లో కూడా ఈల వేసే అందర్నీ భోజనానికి పిలుస్తున్నావట. ఇక నీ పేరు ఇదే.

నా దగ్గర కిటుకులూ మంత్రాలూ ఏమీ లేవు తల్లీ. ఒకటే నియమం. సెలవు కావాలా, తీసుకో. నీ బదులు మనిషిని మాత్రం నువ్వే చూసి పెట్టి వెళ్ళు. మనిషి లేదా, సెలవూ లేదు. వాళ్ళలో వాళ్ళే కాళ్ళావేళ్ళా పడి ఒప్పించుకుంటారు, నాకు తలనొప్పి ఉండదు. నీ పిల్లల్నీ అలాగే చేయమను. వారం తిరిగేసరికి దారికి రాకపోతే నన్నడుగు.

అత్తయ్య మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కనివ్వకు, బరువులెత్తనివ్వకు. నీ మాట వినకపోతే నా పేరు చెప్పు. కూతురంటే లెక్కలేదు గానీ కోడలంటే ఆవిడకు కాస్త భయం ఉంది.

నెలాఖరుకు తప్పకుండా వస్తున్నాను. రాత్రి నిద్రలో కాళ్ళు విసరకూడదని పిచ్చుకకు ముందే చెప్పి ఉంచు.

మీ వదిన


జులై 18

వదినా,

నీ నోట్లో చక్కెర పొయ్య! పన్నెండుకు పన్నెండు మందీ వస్తున్నారు. పన్నెండు మంది అంటే ఆ పన్నెండు మందే అని కాదనుకో.

ట్యూషను పిల్ల తన బదులు వాళ్ళమ్మను పంపింది. ఆవిడ బ్యాంకు నుంచి నేరుగా, సంచీ భుజాన వేసుకుని దిగింది. సర్వీసు చేయమంటే సంచీ నా చేతికిచ్చి, చెప్పులు విప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని కొట్టింది. ఆ బంతి ఇంతవరకూ దొరకలేదు. పాట క్లాసు పిల్ల ఎవర్ని పంపిందనుకున్నావ్? పాట నేర్చుకునే ఇంకో పిల్లను! ఇప్పుడు పాట టీచరు నా మీద కత్తులు నూరుతోంది. పొడుగుపిల్లకు మనిషి దొరక్క తమ్ముణ్ణే చంకనేసుకుని వచ్చింది. వాడు నెట్ పట్టుకుని ఊగుతూ ఉంటాడు, మేం అవతలివైపు ఆడుకుంటాం.

పెద్ద మేడమ్ పై కిటికీలోంచి తలలు లెక్కపెట్టుకుని మురిసిపోతోంది. ఆవిడకు దూరపు చూపు ఆనదు. ఇందులో నా తప్పేమీ లేదు.

అసలు సంగతి చెప్పలేదు కదూ. రిహార్సలున్న రోజుల్లో పిచ్చుక తన బదులు ఒక మనిషిని పంపుతోంది. కాస్త బరువు మనిషి, పరుగు తక్కువ. కానీ ఏం చేతులు వదినా! బంతి వేళ్ళకు తగిలిందో లేదో అన్నట్టు తగిలి, సరిగ్గా నెట్ మీదికి లేస్తుంది. మోకాలికి పట్టీ కట్టుకుని మరీ దిగుతోంది. ఏ వయసులో ఎక్కడ నేర్చుకుందో ఏమో, నేనైతే నోరు తెరుచుకుని చూశాను.

మిగతాది వచ్చాక చెప్తాను. ఇంకెంత, నెలాఖరేగా.

నీ ఈలమ్మ


జులై 25

ఈలమ్మా,

చూశావా, వదిన చెప్పినట్టు వింటే ఎలా ఉంటుందో! ఆ మోకాలి పట్టీ పిల్లను మాత్రం వదలకు. అవసరమైతే మా దాన్ని పక్కన కూర్చోబెట్టి ఆ పిల్లనే ఆడించు, నేనేం అనుకోను. కానీ చిన్న వయసులోనే మోకాలి నొప్పులేంటి? వాళ్ళమ్మ ఏం చేస్తోంది? ఒకసారి డాక్టరుకు చూపించమను. మా అత్తయ్యను చూసి నేర్చుకోమను. ఆ వయసులో కూడా చెప్పినట్టు కుదురుగా కుర్చీలో కూర్చుని కాలు ఎంత బాగా కాపాడుకుంటోందో.

పిచ్చుక సంగతి మాత్రం నాకు నచ్చలేదు. వారంలో మూడు రోజులు ఎగ్గొట్టడమా? దానికి వేరే చీటీ రాసి ఇందులోనే పెట్టాను. వస్తానని ఒప్పుకున్నాక రాకపోవడం ఏం పద్ధతని గట్టిగానే అడిగాను. నాటకం మానేయమన్నాను. నువ్వు మధ్యలో దూరి వెనకేసుకు రాకు.

నెలాఖరుకు రావడం కుదిరేలా లేదు. పిల్లల వార్డులో ఇద్దరు ఒకేసారి ఉద్యోగం మానేశారు. ఆ ఇద్దరి బదులు మనిషిని ప్రస్తుతం నేనే. టోర్నమెంటుకు మాత్రం వచ్చి తీరతాను. ఒట్టు.

మీ వదిన


ఆగస్టు 3

వదినా,

ముందు కూర్చో. కూర్చున్నావా? ఆ మోకాలి పట్టీ పిల్ల వాళ్ళమ్మ ఏం చేస్తోందని అడిగావు. వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పిల్ల మీ అత్తగారు.

నన్ను తిట్టకు. నాకూ చెప్పలేదు. పిచ్చుకా ఆవిడా ఒక మాట అనుకుని వచ్చేశారు. పెళ్ళికి ముందు కాలేజీ జట్టులో ఆడిందట, నా జన్మలో నాకెప్పుడూ చెప్పలేదు. "అమ్మా, మోకాలు!" అంటే, "ఎగరడం లేదు కదే, నిలబడి చేతులేగా కదిపేది" అంది. నీ పేరు కూడా చెప్పాను. "దానికి ఎవరు చెప్తారు? నువ్వు చెప్తే తప్ప!" అంది. అదీ మీ అత్తగారికి నువ్వంటే ఉన్న భయం.

మొన్న పెద్ద మేడమ్ కిందికి దిగి వచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మ సర్వీసుకు బంతి ఎత్తింది, బ్యాంకు ఆవిడ కళ్ళు మూసుకుని నిలబడింది, బుడ్డోడు నెట్‌కు వేలాడుతున్నాడు. మేడమ్ అందర్నీ ఎగాదిగా చూసి, "ఇది వాలీబాల్ జట్టా, చుట్టాల సమావేశమా?" అంది. ఇక మీదట పిల్లలు వస్తేనే లెక్కట. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇదంతా నవ్వులాటే. ఇప్పుడు చెప్పేది కాదు.

నీ చీటీ చదివి పిచ్చుక నేరుగా వెళ్ళి నాటకం మానేసి వచ్చింది. నాటకం టీచరు స్టాఫ్‌రూంలో నా టేబుల్ దగ్గరికొచ్చి, "నా దొంగను మీరే ఎత్తుకుపోయారు" అని నలుగురి ముందూ కడిగేసింది. నేను మానిపించలేదని చెప్పినా నమ్మలేదు. పిచ్చుక రోజూ కోర్టుకు వస్తోంది గానీ బంతి ఎటుపోయినా దానికి పట్టడం లేదు. నిన్న బూట్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండా, "వస్తానని ఒప్పుకున్నాక రాకపోవడం ఏం పద్ధతని అమ్మే అడుగుతోందా అత్తా?" అంది. తర్వాత వెళ్ళి నీకోసం వేసిన పరుపు చుట్టి అటక మీద పడేసింది.

నీ ఆడపడుచు


ఆగస్టు 8

ఆడపడుచుకు,

నీ ఉత్తరం డ్యూటీలో చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఇంజెక్షను ట్రే పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయాను.

అత్తయ్య సంగతి తర్వాత తేలుస్తాను. ఆవిడకు విడిగా రాస్తున్నాను. నా ఉత్తరం నీ ముందు చదవనంటే, గట్టిగా చదివి వినిపించు.

పిచ్చుక ఆ మాట తనంతట తను అందా, నువ్వేమైనా నేర్పావా? నేనిక్కడ షికార్లు కొడుతున్నాననుకుంటున్నారా? ఈ వార్డులో మంచానికో పసిబిడ్డ. రాత్రి వచ్చే పిల్లలకు సెలైన్ పెట్టడం కూడా ఇంకా చేతకాని కొత్తమ్మాయిల మీద వదిలేసి, బ్యాగు సర్దుకుని బస్సెక్కమంటారా? రాకపోవడం నాకు సరదానా? ఒక తల్లి ఎందుకు రాలేకపోతోందో ఆ మాత్రం అర్థం చేసుకోలేదా అది?

టోర్నమెంటుకు వస్తున్నానని చెప్పాను కదా. వస్తున్నాను. అప్పటికైనా దాని నోరు మూతపడుతుందేమో.

మీ వదిన


ఆగస్టు 17

వదినా,

నేను నేర్పలేదు. నేను నేర్పినవి అది నేర్చుకుంటే సర్వీసు ఎప్పుడూ నెట్‌కు తగలదు. అయినా కోపంలో "ఆడపడుచుకు" అని రాశావు చూడు, నాకు భలే నవ్వొచ్చింది. మళ్ళీ ఈలమ్మా అని రాసేదాకా నీతో పచ్చి, మాట్లాడను.

నీ నియమం నర్సులకు పనికొస్తుంది. సెలైన్ ఎవరు పెట్టినా సెలైనే. ఇక్కడ అలా కాదు. పొడుగుపిల్ల ఎగిరే ఎత్తు పిచ్చుక వేళ్ళకు తెలియాలి. వేరే ఎవర్ని తెచ్చి నిలబెట్టినా అది కుదరదు. అందుకని నియమం మార్చేశాను.

అందర్నీ కోర్టులో గుండ్రంగా కూర్చోబెట్టి అడిగాను. "వారంలో ఎన్ని రోజులు రాగలరో మీరే చెప్పండి. తక్కువైనా ఫరవాలేదు. చెప్పాక మాత్రం వచ్చి తీరాలి." మొదట అందరూ "రోజూ వస్తాం టీచర్!" అని కోరస్. "ఈ కాకమ్మ కబుర్లు నాకొద్దు, నిజం చెప్పండి" అన్నాను. పొడుగుపిల్ల కింద ఇసుక గీకుతూ, "రెండే టీచర్, మా అమ్మ త్వరగా వచ్చే రోజులు రెండే" అంది. తిడతానని కళ్ళనిండా నీళ్ళు. రెండే చాలన్నాను. ఆ రెండు రోజులూ కోర్టు గేటు తీయకముందే వచ్చి నిలబడుతోంది. రోజూ వస్తానని సగం రోజులు మాయమయ్యే వాళ్ళకంటే ఈ పిల్ల నాకు వెయ్యి రెట్లు నయం. ఎప్పుడు ఉంటుందో తెలుసు కాబట్టి ఆ రోజుకు పని దాచిపెట్టుకుంటున్నాను.

పిచ్చుకను నేనే తీసుకెళ్ళి నాటకం టీచరు చేతిలో పెట్టి, "ఇదిగో మీ దొంగ" అన్నాను. మూడు రోజులు ఆవిడకు, రెండు రోజులు నాకు. పొద్దున్న బెల్లుకు ముందు కాసేపు గోడకు బంతి కొట్టుకుంటానని అదే అంది. నువ్వు మానేయమన్నావని తెలుసు. వెనకేసుకు రావద్దని కూడా అన్నావు. వచ్చాను. ఏం చేస్తావో చేసుకో.

పెద్ద మేడమ్ "తక్కువేనే" అని సాగదీసింది. వారం రోజులు కిందికి దిగి తన కళ్ళతో చూశాక సంతకం పెట్టింది.

ఇప్పుడు నా వల్ల కానిది రాస్తున్నాను. నిన్న తల దువ్వించుకుంటూ పిచ్చుక అంది కదా, "అత్తా, అమ్మను కూడా ఇలాగే అడుగు. ఎన్నిసార్లు రాగలదో. తక్కువైనా ఫరవాలేదని చెప్పు."

కోపంగా అనలేదు వదినా. కోపంగా అంటే నేనే ఒకటి అంటించేదాన్ని. నేను జడ వేయడం ఆపి వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఈలమ్మ


ఆగస్టు 22

ఈలమ్మా,

నాలుగుసార్లు రాసి చించాను. ఇది చించకముందే డబ్బాలో వేసి వస్తాను.

టోర్నమెంటుకు రాలేను. ఒట్టు పెట్టిన రోజే నాకు తెలుసు. వస్తానంటే అది సంతోషిస్తుంది. ఆ సంతోషం వినాలని నోటికొచ్చిన తారీఖల్లా చెప్పాను. ప్రతిసారీ అలాగే చేశాను. అది పరుపు వేసుకుని ఎదురుచూస్తుంటే, నేను ఇక్కడ చెప్పేశాను కదా అని ఊరుకున్నాను. నీకు నామీద కోపం రాకపోతే ఆశ్చర్యపోతాను, నాకే వస్తోంది.

కొత్తమ్మాయిలకు చేయి తిరిగేదాకా రెండు నెలలకు ఒక ఆదివారం. అంతకంటే చెప్పలేను. సెప్టెంబరు రెండో ఆదివారం, మళ్ళీ నవంబరు రెండో ఆదివారం. ఆ రోజు మ్యాచ్ ఉండదు, నాటకం ఉండదు, ఏమీ ఉండదు. ఖాళీ రోజు. ఇంత తక్కువ రాయడానికి చేయి రావడం లేదు. కానీ అది అడిగింది నిజం చెప్పమనే కదా.

ఇది నువ్వు చెప్పకు. ఈ ఉత్తరమే దానికివ్వు.

మీ వదిన


సెప్టెంబరు 1

వదినా,

ఇచ్చాను. మెట్ల మీద కూర్చుని చదివింది. "ఇంతేనా" అంది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. నేనూ అమ్మా తలుపు దగ్గర దొంగల్లా నిలబడ్డాం. కాసేపటికి బయటికొచ్చి అన్నం తిని, పొద్దున్నే నాటకం టీచరు దగ్గరికి పోయి, "సెప్టెంబరు రెండో ఆదివారం రిహార్సలు పెట్టినా నేను రాను" అని చెప్పి వచ్చింది. ఎందుకని ఆవిడ అడిగిందట. "మా అమ్మ వస్తుంది" అందట. వస్తుందేమో అనలేదు చూశావా!

టోర్నమెంటు విశేషాలు. పన్నెండు మందీ వచ్చారు, అసలైన పన్నెండు మందీ. మొదటి మ్యాచ్ గెలిచాం. రెండోది ఓడిపోయాం, అదీ మరీ ఘోరంగా కాదు. పిచ్చుక లేపడం, పొడుగుపిల్ల కొట్టడం చూసి అవతలి కోచ్ "వీళ్ళు రోజుకు ఎన్ని గంటలు ఆడతారండీ?" అని అడిగాడు. వారానికి రెండు రోజులని చెప్తే ఎగతాళి చేస్తున్నాననుకుని మొహం మాడ్చుకున్నాడు. పెద్ద మేడమ్ వచ్చి చప్పట్లు కొట్టింది, సగంసేపు అవతలి జట్టుకు. సైకిళ్ళ స్టాండు మాట ఎత్తలేదు. అమ్మను కుర్చీలోంచి లేవనివ్వలేదు, కూర్చునే అరిచింది, ఇప్పుడు గొంతు పోయింది. ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

ఆదివారం మా పొడుగుపిల్లలా గేటు తీయకముందే రా.

నీ ఈలమ్మ


సెప్టెంబరు 16

ఈలమ్మా,

చేరాను. ఒళ్ళంతా నొప్పులు, అన్నిటికీ కారణం నీ మేనకోడలే. పొద్దున్నే లాక్కెళ్ళి ఆ ఖాళీ కోర్టులో సాయంత్రందాకా నా చేత బంతి కొట్టించింది. నువ్వూ అత్తయ్యా గోడెక్కి కూర్చుని నవ్విన నవ్వులు నేను మర్చిపోను. కళ్ళు మూసుకుని కొట్టేది ఒక్క బ్యాంకావిడే కాదని ఊరంతా చాటి ఉంటావు ఈపాటికి.

నువ్వు టికెట్టు కోసం వెళ్ళినప్పుడు జరిగింది నీకు తెలీదు. బస్సెక్కుతూ అలవాటు కొద్దీ, "వచ్చే నెల ఎలాగైనా వీలు చూసుకుని..." అనబోయాను. అది చటుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది. "వచ్చే నెల అనకమ్మా. నవంబరు అన్నావు. నవంబరులోనే రా" అంది.

ఆ చెయ్యి తీయనివ్వకుండా అలాగే పట్టుకున్నాను. కండక్టరు విసుక్కున్నాడు. విసుక్కోనీ. జనవరిలో నేను బయల్దేరిన రోజు అది గదిలోంచి బయటికే రాలేదు, నీకు గుర్తుండే ఉంటుంది. ఈసారి కిటికీ కింద నిలబడి, నేను సీట్లో సర్దుకుని కూర్చునేదాకా నాతో ఏదో ఒకటి వాగుతూనే ఉంది. బస్సు కదిలితే నవ్వుతూ చెయ్యి ఊపింది. నేనే ఊపలేకపోయాను.

ఇట్లు,
నవంబరుదాకా రాని, నవంబరులో వచ్చే
మీ వదిన